మొక్కజొన్న పాము పిల్లలు: రంగు చూసి కొనేవాళ్లు, తిండి అడిగి కొనేవాళ్లు

 

ఈసారి ఇంటిపేర్ల గురించి కాదు. మన పెద్దలు ఎప్పుడు ఏ కనుమ దాటి ఇటు వచ్చారన్న దాని గురించీ కాదు. అమెరికా పాము గురించి రాస్తున్నాం. కారణం ఏమంటే, బెంగళూరు, మద్రాసుల్లో చదువుకునే మన పిల్లలు కొందరు కార్న్ స్నేక్ అనే పామును పెట్టెలో పెట్టి పెంచుకుంటున్నారు. చూసినవాళ్లు మాకూ కొనివ్వమని ఇంట్లో పేచీ పెడుతున్నారు. తాతలేమో "నాగుల చవితికి పుట్ట దగ్గర దండం పెట్టుకునేవాళ్లం, ఇంట్లో పెట్టెలో పెట్టుకుంటామా" అంటున్నారు. రెండు మాటలూ విన్నాం. అయితే ఆ పాము ఎక్కడిది, ఇన్ని రంగులు దానికి ఎలా వచ్చాయి, వేలెడు లావు కూడా లేని పిల్లల్లో ఏది బతుకుతుంది, ఏది బతకదు అన్నది ఈ వాదనలో ఎవరూ మాట్లాడడం లేదు. డబ్బు పోతే పోయింది. మొదటి రెండు మూడు నెలల్లో ఆ పిల్ల తిండి ముట్టకుండా చచ్చిపోతే అది ఒక ప్రాణం. అందుకని మొదటినుంచీ చెబుతాం.

ఈ పాము సొంత ఊరు అమెరికా తూర్పు, దక్షిణ భాగాలు. న్యూజెర్సీ దక్షిణం నుంచి ఫ్లారిడా దాకా ఉంటుంది. 1766లో లినేయస్ దీనికి కోలుబర్ గుటాటస్ అని పేరు పెట్టాడు. ఆయన దగ్గరికి చేరిన పాము కెరొలీనాది. గుటాటస్ అంటే చుక్కలు గలది, మన మాటలో పొడలు గలది. తర్వాత చాలాకాలం ఎలాఫే అనే జాతిలో ఉంచి, 2002 తర్వాత పాంథెరోఫిస్ అనే జాతిలోకి మార్చారు. కార్న్ అనే పేరు ఎందుకొచ్చిందో రెండు మాటలు చెబుతారు. మొక్కజొన్న కంకులు నిల్వచేసే కొట్టాల్లో ఎలుకల కోసం తిరిగేది కాబట్టి అని ఒకటి. దీని పొట్ట మీద తెలుపూ నలుపూ గళ్లు రంగురంగుల మొక్కజొన్న గింజల్లా ఉంటాయి కాబట్టి అని ఇంకొకటి. మన గాదెల దగ్గర జెర్రిపోతు ఏ పని చేసేదో అక్కడ ఇది ఆ పని చేసింది. విషం లేదు. మూడు నుంచి అయిదు అడుగులు పెరుగుతుంది. అక్కడ దీన్ని కాపర్‌హెడ్ అనే విషపు పాముగా పొరబడి చంపేవాళ్లు ఎక్కువ, మనవాళ్లు జెర్రిపోతును తాచు అనుకుని కొట్టినట్టే. న్యూజెర్సీలో ఉన్న మన చుట్టాలకు ఒక మాట: మీ రాష్ట్రంలో ఇది ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో ఉంది. పెరట్లో కనిపిస్తే కర్ర తీయకండి, పట్టుకోనూ వద్దు.

పొడలు అన్నాం కాబట్టి ఒక పక్కమాట. లినేయస్ తర్వాత ఇరవై ఏళ్లకు మన విశాఖపట్నంలో పాట్రిక్ రసెల్ అనే కంపెనీ వైద్యుడు, వృక్షశాస్త్రజ్ఞుడు కోరమాండల్ తీరపు పాములు సేకరించాడు. ఆయన పుస్తకం 1796లో లండన్‌లో అచ్చయింది. అందులో పాముల పేర్లు మన భాషలోవే, ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు. రక్తపింజర అక్కడ కాటుక రేకుల పొడ. కొండచిలువ పెద్దపొడ. కట్లపాముల జాతికి శాస్త్రంలో బంగారస్ అని పేరుంది కదా, అది రసెల్ రాసుకున్న బంగారు పాము అనే తెలుగు పేరులోంచి వచ్చిందే. ఈరోజు ప్రపంచంలో ఏ మూల కట్లపామును పట్టుకున్నా అందులో ఒక తెలుగు మాట పలుకుతారు. పాము ఒంటి మీది పొడను చూసి పేరు పెట్టడం అక్కడా ఇక్కడా ఒకటే అన్నమాట. తేడా ఏమంటే, మనవాళ్లు పొడ చూసింది దూరం జరగడానికి. అమెరికాలో ఆ పొడకు ధర కట్టారు. ఆ ధర కథే ఇప్పుడు చెప్పబోయేది.

కార్ల్ కాఫెల్డ్ అని న్యూయార్క్‌లో స్టేటెన్ ఐలండ్ జంతు ప్రదర్శనశాలలో పాముల విభాగం చూసిన పెద్దమనిషి ఉండేవాడు. 1957లో పాముల వేట మీద ఆయన ఒక పుస్తకం రాశాడు. దక్షిణ కెరొలీనాలో జాస్పర్ కౌంటీ అనే చోట ఒకీటీ హంట్ క్లబ్ అని వేటగాళ్ల క్లబ్ భూములున్నాయి. అక్కడి కార్న్ స్నేక్‌లు నారింజ ఒంటి మీద ముదురు ఎరుపు మచ్చలతో, ఆ మచ్చల చుట్టూ కాటుక గీసినట్టు నల్లటి అంచులతో ఉంటాయి. కాఫెల్డ్ వాటిని మెచ్చుకుని రాశాడు. పుస్తకం చదివినవాళ్లు ఆ ఊరికి బారులు తీరారు. అలా ఒక పాముకు ఊరి పేరు అంటుకుంది. ఉప్పాడ చీర, ధర్మవరం చీర అన్నట్టు ఒకీటీ పాము. ఇప్పుడు ఆ పోలిక ఉంటే చాలు, ఏ పాముకైనా ఆ పేరే పెట్టి అమ్ముతున్నారు. ఆ ఊరి పాముల సంతతి అయితేనే అసలు ఒకీటీ. మిగతావి పేరు ఉప్పాడ, నేత ఇంకెక్కడో అన్న బాపతు.

ఇంకో మలుపు 1953లో వచ్చింది. ఉత్తర కెరొలీనాలో ఒక మగ కార్న్ స్నేక్ దొరికింది. దాని ఒంట్లో నలుపు అన్నదే లేదు. ఎర్రటి కళ్లు, ఎరుపూ నారింజా ఒళ్లు. ఈ పాము సంగతి పట్టించుకున్నది బెర్నార్డ్ బెక్టెల్ అనే చర్మవ్యాధుల వైద్యుడు. చర్మపు రంగు ఎలా పుడుతుందో, ఎలా తప్పిపోతుందో తెలిసిన మనిషి కావడం ఇక్కడ కలిసొచ్చింది. మామూలు ఆడపాముతో జత కలిపితే పుట్టిన పిల్లలన్నీ మామూలువే. ఒక్కదానికీ తండ్రి రంగు రాలేదు. చాలామంది అయితే అక్కడితో వదిలేసేవాళ్లు. ఆ పిల్లల్ని పెంచి, వాటిని వాటితోనే జత చేస్తే తర్వాతి తరంలో నాలుగింట ఒకటి చొప్పున తాత రంగు తేలింది. మన ఇళ్లలో కొడుకును దాటి మనవడికి తాత పోలిక వచ్చిందంటాం కదా, సరిగ్గా అదే. 1961లో మనుషుల చేతుల్లో మొదటి తెల్లజాతి కార్న్ స్నేక్ పిల్లలు గుడ్లలోంచి బయటికొచ్చాయి. మరుసటి ఏడాది బెక్టెల్ దంపతులు కోపియా అనే శాస్త్ర పత్రికలో ఆ లెక్క అచ్చువేశారు.

ఈ ఒక్క లెక్కతో పాముల బజారు మారిపోయింది. అంతకుముందు అమెరికాలో పెంపుడు పాము అంటే అడవిలో పట్టి తెచ్చిందే. ఇప్పుడు ఇంట్లో గుడ్లు పెట్టించి, ఏ రంగు ఎన్ని పుడతాయో ముందే లెక్కకట్టి అమ్మవచ్చు. నలుపు లేనిదాన్ని ఎమెలనిస్టిక్ అన్నారు. ఎరుపు లేకుండా బూడిదా నలుపూ మాత్రమే ఉన్నదాన్ని ఎనరీ అన్నారు. రెండు లోపాలనూ లోపల దాచుకున్న పాముల్ని జత కలిపితే పదహారింట ఒకటి చొప్పున రెండు రంగులూ లేనిది పుడుతుంది. 1970ల్లో అలా వచ్చినదే స్నో, మంచు పాము. ఆ తర్వాత మచ్చల ఆకారం మారినవి, మచ్చలు కలిసి గీతలైనవి, చివరికి పొలుసులే లేనివి కూడా వచ్చాయి. రంగుకో పేరు, పేరుకో ధర. దీన్నే వాళ్లు మార్ఫ్ అంటారు, మన పిల్లలూ అదే మాట అంటున్నారు.

బెక్టెల్ చేసినదాంట్లో తప్పు పట్టడానికి మాకేమీ కనిపించలేదు. ఆయన తెలుసుకోవడానికి చేశాడు. గొడవ తర్వాత వచ్చిన రంగు మోజుతో వచ్చింది. దగ్గరి చుట్టాలను మళ్లీ మళ్లీ జత కలిపితే ఏమవుతుందో మేనరికాల సంగతి తెలిసిన మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. సన్‌కిస్డ్ అనే అందమైన నారింజ రంగు సంతతిలో స్టార్‌గేజింగ్ అనే జబ్బు బయటపడింది. పేరు వింటే నక్షత్రాలు చూడడం. అసలు సంగతి ఏమంటే, పాము తల వెనక్కి విరుచుకుపోయి, దిక్కు తెలియక మెలికలు తిరుగుతుంది. రంగు లాగే ఈ లోపమూ పైకి కనిపించకుండా తల్లిదండ్రుల్లో దాగి ఉంటుంది. కాబట్టి ఆ సంతతి పిల్లను కొనేవాళ్లు తల్లిదండ్రుల సంగతి అడగాలి. పెళ్లిసంబంధానికి అటు ఏడు తరాలు అడిగే మనం పాము దగ్గర మొహమాటపడడమేమిటి?

ఇక పిల్లల దగ్గరికి వద్దాం.

తల్లి ఒక కాన్పుకు మామూలుగా పది నుంచి పాతిక దాకా గుడ్లు పెడుతుంది. కోడిగుడ్డు పెంకులా ఉండదు, తోలులా మెత్తగా ఉంటుంది. 28 డిగ్రీల దగ్గర తేమలో ఉంచితే రెండు నెలలకు అటూ ఇటూగా పిల్లలు ముక్కు చివర ఉండే చిన్న పన్నుతో తోలు చీల్చుకుంటాయి. చీల్చగానే బయటికి రావు. తల బయటపెట్టి ఒకరోజు, ఒక్కోసారి రెండు రోజులు అలా లోపలే కూర్చుంటాయి, మిగిలిన పచ్చసొన ఒంట్లోకి ఇంకేదాకా. తొందరపడి లాగితే బొడ్డు దగ్గర చిరుగుతుంది. బయటికొచ్చిన పిల్ల అడుగుకు లోపే. బరువు ఆరేడు గ్రాములు, అంటే దాదాపు మన పాత రూపాయి నాణెమంత. వారం పది రోజులకు మొదటి కుబుసం విడుస్తుంది. అంతదాకా తిండి పెట్టకూడదు, పెట్టినా చాలావాటికి పట్టదు. తర్వాతే అన్నప్రాశన, అంటే అప్పుడే పుట్టిన, బొచ్చు రాని, కళ్లు తెరవని ఎలుకపిల్ల. దాన్ని గడ్డకట్టించి, మళ్లీ వెచ్చబరిచి పెడతారు. పింకీ అంటారు.

అసలు చిక్కు ఇక్కడే. అడవిలో ఈ పాముపిల్ల మొదటి తిండి ఎక్కువగా చిన్న బల్లులు, చిన్న కప్పలు. ఎలుకపిల్ల దానికి పుట్టుకతో తెలిసిన వాసన కాదు. ఒకే కాన్పులో పదిహేను పుడితే పన్నెండు మొదటిసారే లాగించేస్తాయి, మిగతా రెండు మూడు తల తిప్పుకుంటాయి. పుట్టుకతో వచ్చిన పచ్చసొన ఒంట్లో ఉంటుంది కాబట్టి కొన్ని వారాలు ఏమీ తెలియదు, చూడ్డానికి చక్కగానే ఉంటాయి. అమ్మేవాడికి దాన్ని వదిలించుకోవడానికి సరైన సమయం కూడా అదే. ఈ మధ్య బెంగళూరులో ఒక దుకాణంలో మన సంఘం కుర్రాడికి ఇచ్చిన మంచు పాము అలాంటిదే. గులాబీ తెలుపు, పాలరాతి బొమ్మలా ఉంది. ఏం తిన్నది, ఎన్నిసార్లు తిన్నది అంటే "తింటుంది సార్" అన్నారట. తిన్నది అనలేదు. అయిదు వారాలు బతికింది.

కాబట్టి మా మాట ఇది: ముందు తిండి లెక్క, ఆ తర్వాత ఒళ్లు, అన్నిటికన్నా చివర రంగు. ఏ తేదీన గుడ్డులోంచి వచ్చింది, ఏ తేదీన కుబుసం విడిచింది, ఏ ఏ తేదీల్లో తిన్నది, అది కాగితం మీద రాసి ఉండాలి. కనీసం మూడుసార్లు, అయిదుసార్లయితే మరీ మంచిది, తనంతట తను గడ్డకట్టించిన ఎలుకపిల్లను తిని అరిగించుకున్న పిల్లను మాత్రమే తీసుకోండి. నోట్లో కుక్కి తినిపించినది లెక్కలోకి రాదు. వీలైతే మీ ఎదుట ఒకసారి తినిపించమనండి. మంచి పెంపకందారు సంతోషంగా ఒప్పుకుంటాడు.

ఒళ్లు చూడడం కూడా కష్టం కాదు. వెన్ను పైకి పొడుచుకుని ఒళ్లు మూడుపలకలుగా కనిపిస్తే బలహీనం, గుండ్రంగా ఉండాలి. బొడ్డు మచ్చ మూసుకుని ఉండాలి. కళ్లు తేటగా, విసర్జన ద్వారం శుభ్రంగా ఉండాలి. వేళ్ల మధ్య మెల్లగా జార్చి చూస్తే వెన్నులో ఎక్కడా మెలిక తగలకూడదు. తోక చివర పాత కుబుసం ఉంగరంలా బిగుసుకుని ఉంటే ఆ కొస ఎండి రాలిపోతుంది. నోటి పక్క బుడగలు ఉంటే ఊపిరితిత్తుల జబ్బు. నీళ్ల గిన్నెలోనే పడి ఉంటే, ఆ నీళ్లలో మిరియపు పొడి చల్లినట్టు నల్ల చుక్కలుంటే, అవి పాము పేలు.

అందరూ బోల్తా పడేది ఒకచోట ఉంది. పది పిల్లల్లో తొమ్మిది చెయ్యి పెట్టగానే తోక అదిలించి, ఎస్ ఆకారంలో మెడ వంచి కాటుకు వస్తాయి. ఒకటి మాత్రం బుద్ధిగా చేతిలో పడుకుంటుంది. ఇంట్లో అమ్మలు ఆ బుద్ధిమంతురాలినే ఇవ్వమంటారు. ఆ మెతకది చాలాసార్లు నీరసంతో పడుకున్నది. వేలెడు లేని పిల్లకు లోకమంతా గద్దలే, భయపడి కాటుకు రావడం ఆరోగ్యం. ఆ కాటు గీతంత కూడా పడదు. రెండు మూడు నెలలు చేతికి అలవాటైతే అవే శాంతిస్తాయి. చేతికి తీసుకున్నప్పుడు వేలిని గట్టిగా చుట్టుకోవాలి, నాలుక ఆడించాలి. అది చాలు.

రంగు చివర అని ఎందుకన్నామంటే, పిల్లప్పటి రంగు నిలవదు. మామూలు కార్న్ స్నేక్ పిల్ల మట్టి ఎరుపు మచ్చలతో, మధ్యలో బూడిద రంగుతో వెలవెలబోతూ ఉంటుంది. పక్కన మంచు పాము మెరిసిపోతుంటే దీని వంక ఎవరూ చూడరు. అదే రెండేళ్లకు నారింజ నిప్పులా తయారవుతుంది. బూడిద రంగు ఎనరీకి పెరిగేకొద్దీ మెడ కింద పసుపు దిగుతుంది. కాఫెల్డ్ మెచ్చిన పాములూ పిల్లప్పుడు ఇలాగే వెలవెలబోయి ఉండేవే.

పెంచడంలో మన ఊళ్లకు తగ్గ సంగతులు రెండే చెబుతాం, మిగతావి పిల్లలకే బాగా తెలుసు. అమెరికా పుస్తకాలు వేడి ఎలా పెంచాలో చెబుతాయి. మద్రాసు మే నెలలో చిక్కు వేడి తగ్గించడం. 33, 34 డిగ్రీలు దాటి గంటలు గడిస్తే ఈ పిల్ల తట్టుకోదు. పెట్టెలో ఒకవైపు 29 దగ్గర, ఇంకోవైపు 24 దగ్గర ఉండేలా చూడాలి. బెంగళూరు, హోసూరు డిసెంబరుకైతే ఒకవైపు మాత్రం వేడిపట్టా, దానికి తప్పకుండా థర్మోస్టాట్ కావాలి. పెట్టె కూడా చెప్పుల పెట్టెంతే ఉండాలి. పెద్ద అద్దాల మేడలో పెడితే భయపడి తిండి మానేస్తుంది. పెన్సిలు దూరే సందు ఉంటే చాలు, తెల్లారేసరికి పాము ఉండదు. అయిదు నుంచి ఏడు రోజులకొకసారి తిండి, తిన్నాక రెండు రోజులు ముట్టుకోకూడదు. కక్కేస్తే కంగారుపడి వెంటనే ఇంకొకటి పెట్టకండి. పది రోజులు కడుపు ఊరుకోనిచ్చి, చిన్నది పెట్టండి. పాలు మాత్రం ఎవరూ పోయకండి. నాగుల చవితి భక్తి పుట్ట దగ్గర ఉంచండి, పాముకు పాలు అరగవు, నీళ్లు చాలు.

చట్టం సంగతి. మన దేశపు పామును, అది జెర్రిపోతు కానివ్వండి, నీరుకట్టె కానివ్వండి, ఇంట్లో పెంచడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. ఆ చట్టం వచ్చాక పాము చర్మాల వ్యాపారం ఆగింది, దాని మీద బతికిన మా తమిళనాడు ఇరులర్లకు తిండి పోయింది. 1978లో వాళ్ల సహకార సంఘం ఏర్పడి, అనుమతితో పాములు పట్టి విషం తీసి, మళ్లీ అడవిలో వదిలే పద్ధతి వచ్చింది. విషం కోసం అనుమతి ఉన్న వాళ్లకే అన్ని షరతులుంటే, సరదాకి పెంచేవాళ్లకు ఎందుకు ఉండవు? విదేశీ పిల్ల అని చెప్పి మన దేశపు పొడల పాము పిల్లను అంటగట్టే ప్రమాదం ఉంది కాబట్టి, ఎక్కడ పుట్టిందో, ఎవరి దగ్గరనుంచి వచ్చిందో రాతపూర్వకంగా లేకపోతే కొనకండి. రాకూడని దారిలో వచ్చిన పిల్లకు తిండి లెక్క ఎలాగూ ఉండదు.

విసుగొచ్చిందని చెరువు గట్టున వదిలేయడం మాత్రం వద్దు. కరీబియన్ దీవుల్లో ఈ పాము పూలకుండీల్లో దాక్కుని వెళ్లి అక్కడ స్థిరపడింది. ఆస్ట్రేలియాలో దీన్ని పెంచడమే నిషేధం.

తాతల మాట దగ్గరికి వస్తే, మాకు వాళ్లు అడిగిన ఒక ప్రశ్న అన్నిటికన్నా బరువుగా అనిపించింది. ఈ పాము పదిహేను, ఇరవై ఏళ్లు బతుకుతుంది. పద్దెనిమిదేళ్ల కుర్రాడు కొంటాడు. నాలుగేళ్లకు అమెరికాకో, పూనాకో వెళ్లిపోతాడు. అప్పుడు వారానికొక ఎలుకను వెచ్చబరిచి పెట్టేది ఎవరు, శాకాహారం ఇంట్లో ఆ ఎలుకలు ఏ ఫ్రిజ్‌లో ఉండాలి? మన సంఘంలో ఒక ఇంట్లో దీనికి తేల్చుకున్న పద్ధతి బాగుంది. కుర్రాడు తన జీతంలోంచి చిన్న ఫ్రీజర్ కొని మేడ మీద పెట్టుకున్నాడు. వాడు ఊళ్లో లేకపోతే పాము బాధ్యత చెల్లెలిది అని ముందే మాట తీసుకున్నారు. ఆ అమ్మాయి ఒప్పుకుంటూ ఒక షరతు పెట్టిందట, పిల్లను ఎంచుకునేది తానేనని. దుకాణంలో అందరూ మంచు పాముల చుట్టూ మూగి ఉంటే, తను తేదీల కాగితం అడిగి, ఏడుసార్లు తిన్న మట్టి ఎరుపు పిల్లను, తన వేలిని కరవబోయినదాన్ని, తెచ్చుకుంది.